నేల తీపి

పొద్దున్నే షాపు చెక్కలు తీసి, ఊడ్చి, నీళ్లు చల్లి, రణమండల కొండ వైపు తిరిగి ఒక దండం పెట్టుకున్నాక పార్వతమ్మ చేసే మొదటి పని నోరు పుక్కిలించడం. ఇంట్లో పళ్లు తోముకునే వస్తుంది. అయినా షాపు గూట్లో ఉన్న ఇత్తడి చెంబు తీసుకుని రోడ్డు పక్కన నిలబడి మళ్లీ శుభ్రంగా పుక్కిలిస్తుంది. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఆమె నోట్లో ఏమీ పడకూడదు. కాఫీ లేదు, వక్కాకు లేదు, ఎవరైనా గుడి నుంచి ప్రసాదం తెచ్చినా ఆకులో చుట్టి పక్కన పెట్టాల్సిందే. పక్కనే ఉన్న హోటలు ఆమె మొగుడు శేషన్నది. ఆదోని ఊరంతా మెచ్చుకునే తన కాఫీని కట్టుకున్న పెళ్లాం పొద్దున పూట ముట్టదన్న దిగులు అతనికి పెళ్లయిన నాటి నుంచీ ఉంది.

పత్తి మార్కెట్టుకు పోయే రోడ్డు మీద 'జయన్న సెల్ఫ్, డైనమో వర్క్స్' తెలియని డ్రైవరు ఆ చుట్టుపక్కల లేడు. బండి తెచ్చినవాళ్లు ముందుగా అడిగేది నోరు కడుక్కున్నావా అమ్మా అని. కడుక్కున్నానంటే అప్పుడు బానెట్ ఎత్తుతారు. పార్వతమ్మ చూపుడు వేలు నీళ్లలో ముంచి ఒక్కొక్క వైరు కొస మీద పెడుతుంది. వేలు పెట్టగానే నోట్లో రుచి తగులుతుంది. కరెంటు సరిగ్గా పారుతుంటే బెల్లం పాకం. ఎక్కడో వైరు వదులైతే పచ్చి చింతకాయ. బ్యాటరీ దిగిపోతుంటే పులిసిన గంజి. షార్టయిందంటే మాత్రం పచ్చిమిరపకాయ కసుక్కున కొరికినట్టే, పాపం, కళ్ల నీళ్లు తుడుచుకుని ముక్కు ఎగబీల్చుకుంటూ చోటు చూపించేది. వేపాకు చేదు ఎప్పుడో గాని తగిలేది కాదు. తగిలిందంటే ఆ సామాను ఇక పనికి రాదని, తీసి పారెయ్యాలని ఆ షాపు లెక్క.

ఆమెకు నాలుగైదేళ్లప్పుడు ఒక జీపు కింద ఆడుకుంటూ, నాయనా రొట్టె మాడింది అని కేకేసింది. తండ్రి జయన్న ఇంట్లోకి తొంగి చూశాడు, పొయ్యి కూడా వెలిగించలేదు. తిరిగొచ్చి జీపు బానెట్ ఎత్తితే కాయిల్ కాలుతోంది. మరుసటి రోజు నుంచి కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాడు. కొడుకు లేడే అన్న మాట ఆ ఇంట్లో మళ్లీ వినపడలేదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. పార్వతమ్మ బాగుచేసిన బండి ఎక్కడికి పోయినా కొన్నాళ్లపాటు దాని రుచి ఆమెను వదిలేది కాదు. ఆ బండి ఎక్కడ స్టార్టయితే అప్పుడు ఆమె నోట్లో ఒక చిటికెడు తీపి పడేది. బండికొక తీరు తీపి. మద్దికెర షావుకారు భార్య పెండ్లిళ్లకని ఆదోని వచ్చి, మా ఆయన కారు ఇంకా కదల్లేదా అమ్మా అని అడిగి తెలుసుకుని పోయేది. ఒకసారి, కదిలింది గాని ఇంటి వైపు కాదేమో, మధ్యలో రెండు సార్లు ఆగింది అని చెప్పి పార్వతమ్మ ఒక సంసారంలో నిప్పు పెట్టినంత పని చేసింది. అప్పటి నుంచి కదిలిందా లేదా అన్నంత వరకే చెప్పేది.

జయన్నకు కళ్లు మసకబారి పని వదిలిపెట్టాక, రోజంతా షాపు గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చునేవాడు. పని వదిలాడు గాని పెత్తనం వదల్లేదు. ఆయన వెనక గోడ మీద తారుతో రాసిన పెద్ద అక్షరాలుండేవి: 'తీగ ఇస్తుంది, నేల తీసుకుంటుంది.' ఆ పనిలో కారు ఇనుప ఒంటిని నేల అంటారు. బ్యాటరీకి రెండు కొమ్ములు. మైనస్ కొమ్మును నేలకు కట్టాలి, ప్లస్ కొమ్ము నుంచి తీగలు బయల్దేరాలి. తీగ కరెంటును తెచ్చి లైటుకో హారన్‌కో ఇస్తుంది, పని అయ్యాక దాన్ని నేల తీసుకుంటుంది. బళ్లారిలో తనకు పని నేర్పిన గురువు చెప్పిన మాట అది. జయన్న దాన్ని వేదంలాగా పట్టుకున్నాడు. తన చేతి మీద తనకు అంత గురి. జయన్న చెయ్యి పడ్డ బండి మళ్లీ ఇంకొకడి చెయ్యి చూడదని ఆయనే అనేవాడు, డ్రైవర్లూ ఒప్పుకునేవాళ్లు.

డెబ్బై తొమ్మిదిలో, దేవరగట్టు కర్రల పండగలో తలలు పగిలిన మొగోళ్లు కట్లు విప్పుకుని పత్తి బళ్లు తోలుకొస్తున్న రోజుల్లో, ఎమ్మిగనూరు వైపు నుంచి ఒక పత్తి ట్రాక్టరు వచ్చి షాపు ముందు ఆగింది. దాని వెనక, దారిలో ఆగిపోతుందన్న భయంతో స్టార్టు చెయ్యకుండానే మోకుతో కట్టి తెచ్చిన ఒక పాత విలాయతి కారు ఉంది. ముక్కు గుండ్రంగా, వెనక భాగం ఎద్దు మూపురంలా ఉంది. పేరు రాసిన బిళ్ల ఎప్పుడో ఊడిపోయింది. స్టీరింగు పట్టుకుని మద్దయ్య, పక్కన అతని పెళ్లాం మరియమ్మ కూర్చుని ఉన్నారు. ఇద్దరూ ఎమ్మిగనూరు దగ్గర కూలి పనులు చేసుకునేవాళ్లు. మద్దయ్య కొన్నేళ్లు మిషన్ ఆసుపత్రి దొరసాని దగ్గర ఈ కారు కడిగి, తోలి, ఆమె కాన్పులు చెయ్యడానికి పల్లెలకు పోతుంటే తీసుకుపోయినవాడు. దొరసాని తన దేశం పోతూ కారును అతనికే ఇచ్చి పోయింది. అది చాన్నాళ్లు చొప్పవామి పక్కన కోళ్లు గుడ్లు పెట్టుకునే చోటై ఉండిపోయింది. ఏడాది కింద ఎట్లాగో కష్టపడి మద్దయ్య దాన్ని రోడ్డెక్కించి, ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బాడుగకు తిప్పడం మొదలుపెట్టాడు.

తిరగడం ఏమో గాని, దాన్ని తొయ్యడంలోనే అతని ఎముకలు అరిగిపోయాయి. రాత్రి ఛార్జి పెట్టించిన బ్యాటరీతో పొద్దున బాగానే లేస్తుంది. మధ్యాహ్నానికి బ్యాటరీ చచ్చిపోతుంది. ఎక్కినవాళ్లు దిగి తోసేవాళ్లు. పెండ్లికొడుకు దిగి తోశాడు. ఆసుపత్రికి పోతున్న ముసలాయన, తన నొప్పి తాను మర్చిపోయి తోశాడు. ఎమ్మిగనూరులో దాని పేరు తోపుడు బండి అయిపోయింది. మద్దయ్యను తోపుడు మద్దయ్య అన్నారు. ఆ పేరు పెట్టినవాడు సుగ్గి మేస్త్రి ఉచ్చీరప్ప. పంటలు కోసే కాలంలో కూలోళ్లను లారీకెక్కించి తుంగభద్ర కాలువల కింది వరి మళ్లకు తీసుకుపోయేది అతనే. ఇళ్లకు తాళాలు పడి, ముసలోళ్లూ కుక్కలూ తప్ప పల్లెల్లో ఎవరూ మిగలని ఆ పోకనే సుగ్గి అంటారు.

మరియమ్మ కారు దిగి, సుత్తి లేకుండా సంగతి చెప్పింది.

"ఇది బాగైతే మేం ఊర్లో ఉంటాం పార్వతమ్మా. కాకపోతే దీపావళి ఎల్లినంక ఉచ్చీరప్ప లారీ ఎక్కల్ల. మా బిడ్డ రెండు సుగ్గిలకు బడి ఎగ్గొట్టింది. ఈ తూరి పోతే పేరు కొట్టేస్తాం అన్నారు అయివార్లు. బాగా సదువుతాది తల్లీ అది."

పాత ఇనుము వ్యాపారి ఒకడు అప్పటికే కారు చుట్టూ రెండుసార్లు తిరిగి పోయాడట. లారీ ఎక్కే పొద్దునే వచ్చి బండిని ఎత్తుకుపోతానని చెప్పి పోయాడట. అది చెప్తూ మద్దయ్య తల ఎత్తలేదు.

పార్వతమ్మ పుక్కిలించి వచ్చి పనిలో దిగింది. బ్యాటరీ మీది మూత తియ్యబోతుంటే జయన్న గుమ్మంలో నుంచే పసిగట్టాడు.

"ఆ బ్యాటరీ నా చేత్తో ఏసినా, పోయినేడు, నువ్వు కాన్పుకు ఉన్నప్పుడు. దాని జోలికి పోవద్దు. తక్కినవి సూడు."

నాయన చెయ్యి పడ్డదాన్ని మళ్లీ చూడటం ఆ షాపులో మర్యాద కాదు. పార్వతమ్మ మూత వేసేసింది. ఆ కారుకు జరిగిన అన్యాయమంతా ఆ మర్యాదలో ఉంది గాని, అప్పటికి ఎవరికి తెలుసు.

లైట్ల వైరు ముట్టుకుంటే బెల్లం. హారన్ వైరు బెల్లం. కారు ఒంటి మీద వేలు పెడితే ఏ రుచీ లేదు, నేల అట్లాగే చప్పగా ఉండాలి. లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, సెల్ఫ్ తిరుగుతోంది. అంతా సరిగ్గా ఉన్న బండికి రోగమేమిటో తెలియలేదు. ఇంజను తిప్పించి, అది తిరుగుతుంటే డైనమో మీద వేలు పెట్టింది. నోరంతా వేపాకు నూరి పోసినట్టయింది. పక్కనే, డైనమో నుంచి బ్యాటరీకి కరెంటు వదిలే చిన్న పెట్టె ఉంటుంది, కటౌట్ అంటారు. దాని మూత తీస్తే లోపలి ముక్కులు కాలి నల్లగా ఉన్నాయి.

డైనమో పోయిందని పార్వతమ్మ చెప్పింది. మరియమ్మ ముఖం చిన్నబోయింది. ఎమ్మిగనూరులో ఇద్దరు ఇదే మాట చెప్పారు. ఒకడు లోపలి తీగంతా కొత్తది చుట్టించాడు. ఇంకొకడు బొగ్గుముక్కలు మార్చాడు. కటౌట్ ముక్కులు మాత్రం ఎన్ని సార్లు గీకినా మళ్లీ కాలుతూనే ఉన్నాయి.

పార్వతమ్మ డైనమో విప్పింది. చుట్టిన తీగ కొత్తది, బిగువుగా ఉంది. బొగ్గుముక్కలు నిండుగా ఉన్నాయి. ఎక్కడా గీత లేదు, మసి లేదు. విప్పి, తుడిచి, బిగించి, మళ్లీ తిప్పించింది. మళ్లీ అదే చేదు. ఆ నాలుక ఆమెకు ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. ఆ చేతులూ చెప్పలేదు. ఆదోనిలో ఆమె తలెత్తుకుని తిరిగేది ఆ రెండింటిని చూసుకునే. రోడ్డు అవతల ఆగిన లారీ దగ్గరికి పోయి వేలు పెట్టి చూసుకుంది, బెల్లమే. మళ్లీ వచ్చి కారు ముందు నిలబడింది.

"నాలిక పాడంటాది, చెయ్యి బాగుందంటాది. దేన్ని నమ్మల్ల నాయనా?"

జయన్న కంగారు పడలేదు. తెలియనప్పుడు మొదటికి రావాలని, పని అంతా ఒక్క మాట మీద నడుస్తుందని చెప్పి, వెనక్కి తిరగకుండానే గోడ మీది రాతను గట్టిగా చదివాడు. కళ్లు కనపడకపోయినా ఆ అక్షరాలు ఆయనకు కంఠోపాఠం. తీగ ఇస్తుంది, నేల తీసుకుంటుంది.

మరియమ్మ అరుగు మీద కూర్చుని కొంగుతో విసురుకుంటోంది. ఆమెకు డైనమో తెలియదు, కటౌట్ తెలియదు. కానీ నేల అన్న మాట చెవిన పడితే ఊరుకునే మనిషి కాదు.

"అదేం మాటప్పా. నేల తీసుకుంటాదని ఎవురు సెప్పినారు? పిడికెడు బుడ్డల ఇత్తనాలు జడ్డిగంలో ఇడిస్తే గంపెడు ఇస్తాది. ఇచ్చేది నేల, తీసుకునేది మనం. నా బతుకంతా నేను సూసింది అదే."

విత్తే గొర్రు వెనక జడ్డిగం గిన్నె పట్టుకుని నడిచి నడిచి అరిగిన పాదాలు ఆమెవి. ఆ మాటకు జయన్న నవ్వి, అది పొలం నేలమ్మా, ఇది కారు నేల అన్నాడు. పక్కనున్న డ్రైవర్లూ నవ్వారు.

పార్వతమ్మ నవ్వలేదు. వేలు తడి చేసుకోబోయి మధ్యలో ఆగిపోయింది. నేల ఇస్తే ఎట్లుంటుందని ఆలోచించింది. ఈ కారు కట్టిన దేశంలో నేల ఇచ్చేదైతే, ప్లస్ కొమ్మును నేలకు కట్టాలి. అప్పుడు డైనమో మైనస్ వైపు నుంచి కరెంటు పంపాలి. ఇప్పుడది పంపుతున్నది అదే. చేదు అంటే పాడని తాము అనుకున్నారు గాని, చేదంటే ఎదురుగా వస్తోందని. డైనమో అటు నుంచి తోస్తుంటే బ్యాటరీ ఇటు నుంచి తోస్తోంది. ఇద్దరూ ఢీకొనే చోట కటౌట్ కాలక ఏమవుతుంది?

ఆమె బ్యాటరీ మీది మూత ఎత్తింది. ఆ చప్పుడుకు జయన్న స్టూలు మీద నుంచే తల ఇటు తిప్పాడు.

బ్యాటరీ కొమ్ముల్లో ప్లస్‌ది కొంచెం లావు, మైనస్‌ది కొంచెం సన్నం. కారు నేల నుంచి వచ్చిన పట్టీ చివర ఉన్న కట్టు, మైనస్ కొమ్ముకు వదులైంది. వదులు పోవడానికి మధ్యలో ఒక రేకుముక్క మడిచి దోపి ఉంది. రెండో కట్టు ప్లస్ కొమ్ముకు ఇరుకై, రంపంతో కోసి సాగదీసినట్టుంది. పార్వతమ్మ ఆ రేకుముక్కను తీసి చేతిలో పెట్టుకుని చూసింది. దాని మీద సగం చిలక బొమ్మ ఉంది. వక్కపొడి డబ్బా రేకు. జయన్న ఇరవై ఏళ్లుగా ఏది వదులైనా ఆ చిలక డబ్బా రేకే కోసి దోపేవాడు.

"ఈ మూత ఈ కుండది కాదు" అంది పార్వతమ్మ, మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు.

జయన్న చెయ్యి చాపాడు. ఆమె రేకుముక్కను ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన బొటనవేలితో దాన్ని తడిమాడు, చిలక ముక్కు దాకా. షాపు ముందు నవ్విన డ్రైవర్లు ఇప్పుడు పక్కచూపులు చూస్తున్నారు. మద్దయ్యకు సంగతి అర్థం కాలేదు గాని, పెద్దాయనకు ఏదో తలవంపు వచ్చిందని మాత్రం తెలిసి కారు వెనక్కి పోయి నిలబడ్డాడు. ఏడాదిగా ఒక సంసారాన్ని రోడ్డు మీద తోయించింది జయన్న చెయ్యి. పార్వతమ్మ స్పానరు పట్టుకుని, ఆయన నోటి నుంచి మాట వస్తే తప్ప ముట్టుకోనని నిలబడింది.

"ఏంటికి నిలబడినావు? నా చెయ్యి తప్పు చేస్తే నీ నాలిక ఊరుకుంటాదా? తియ్ మే."

తీసింది. బ్యాటరీని గిరుక్కున తిప్పి పెట్టింది. నేల పట్టీ కట్టు ప్లస్ కొమ్ము మీద సరిగ్గా కూర్చుంది, రేకుముక్క అక్కర్లేకుండా. రెండో కట్టు చీలికను నొక్కి, దగ్గరికి లాగి మైనస్ కొమ్ముకు బిగించింది. కటౌట్ ముక్కులు గీకి మెరిపించింది. మద్దయ్య సెల్ఫ్ నొక్కాడు. ఇంజను ఒక్క దెబ్బకు లేచింది.

పార్వతమ్మ డైనమో మీద వేలు పెట్టింది. చేదే. లైట్ల వైరూ చేదే, హారన్ వైరూ చేదే. అన్నీ ఒకే మాట మీద ఉన్నాయి. అప్పుడు తడి వేలు తీసి కారు ఒంటి మీద పెట్టింది. తక్కిన బండ్లలో తీపి సన్నటి తీగలో ఉంటుంది. ఇక్కడ బానెట్ తియ్యగా ఉంది, తలుపు తియ్యగా ఉంది, తుప్పు పట్టిన వెనక మూపురం తియ్యగా ఉంది. నెయ్యి కారే ఓళిగను మడిచి నోట్లో పెట్టుకున్నట్టు నోరంతా నిండిపోయింది. ఆమె కళ్లు మూసుకుని కాసేపు అట్లాగే నిలబడింది. తర్వాత మరియమ్మ దగ్గరికి వచ్చింది.

"తప్పు డైనమోది కాదక్కా. దొరసాని నాడు నేర్చుకున్న దాని మీద అది ఒక్కటే నిలబడింది. అందరం కలిసి దాన్నే తిడితిమి. నువ్వు సెప్పిందే నిజం, ఈ కారులో నేల ఇస్తాది."

మరియమ్మ గర్వంగా జయన్న వైపు చూసింది. ఆ చూపు ఆయనకు కనపడలేదు గాని తగిలే ఉంటుంది. ఆ మధ్యాహ్నమే శేషన్న చేత తారు తెప్పించుకుని, గోడ మీది రాత కింద తన చేత్తోనే తడుముకుంటూ వంకరటింకరగా ఇంకొక మాట రాశాడు: 'అన్నిసార్లు కాదు.'

ఇల్లలకగానే పండగ కాదు. మద్దయ్యకు ఆ కారు మీద నమ్మకం కుదరలేదు. ఇదివరకు బాగైందని సంబరపడ్డప్పుడల్లా మూడో రోజుకు చచ్చింది మరి. లారీ వచ్చే పొద్దు దాకా తోపుడు లేకుండా తిరిగితే ఊర్లో ఉంటామని, లేకుంటే ఇనుముకు ఇచ్చి లారీ ఎక్కుతామని, ఉచ్చీరప్పకు ఇచ్చిన మాట అట్లాగే ఉందని చెప్పి వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి రోజూ తెల్లవారుతూనే, ఎమ్మిగనూరులో మద్దయ్య సెల్ఫ్ నొక్కగానే ఆదోనిలో పార్వతమ్మ నోట్లో ఓళిగ పడేది. చిటికెడు కాదు, నోటినిండా. ఆ తీపి వచ్చినప్పుడు ఆమె చేస్తున్న పని ఆపి నవ్వుకునేది. వచ్చిందా అని జయన్న అడిగేవాడు. వచ్చింది అనేది. ఆయన ఇక ఆ రోజంతా వచ్చిన డ్రైవరుకల్లా తన తప్పు కథ చెప్పేవాడు. రేకుముక్క జేబులోనే ఉండేది, తీసి చూపించేవాడు. జయన్న చెయ్యి చేసిన తప్పు పట్టాలంటే ఈ జిల్లాలో ఎవడి వల్లా కాలేదని, తన కూతురి నాలుకకే సాధ్యమైందని చెప్తుంటే, విన్నవాళ్లకు అది తప్పో గొప్పో తెలిసేది కాదు. తక్కిన బండ్ల రుచి నాలుగైదు రోజుల్లో చప్పబడిపోయేది. ఈ కారుది దీపావళి దాకా తగ్గలేదు.

దీపావళి వెళ్లిన సోమవారం లారీ వచ్చే రోజు.

ఆ తెల్లవారుజామున పార్వతమ్మ లేచి కూర్చుంది. కోళ్లు కూశాయి, తీపి రాలేదు. షాపుకు వచ్చి చెక్కలు తీసింది, ఊడ్చింది, పుక్కిలించింది. ఎండ గోడ మీదికి ఎక్కింది. ఒక జీపు హారన్ మోగడం లేదని వస్తే, రేపు రమ్మని పంపేసింది. నాలుక మీద ఇంకొక రుచి పడితే అసలుది తెలియకుండా పోతుందని ఆమె భయం. జయన్న అడగడానికి కూడా జంకుతూ స్టూలు మీద అటూ ఇటూ కదిలాడు.

"రాలేదా?"

"రాలేదు నాయనా."

ఈపాటికి కారును ఇనుముకు ఎత్తుకుపోయి ఉంటారు. ఆ పిల్ల తల్లి పక్కన లారీలో మూటల మీద కూర్చుని ఉంటుంది. పార్వతమ్మకు ఏడుపు వచ్చింది. కారు బాగైందని ఆమెకు తెలుసు, ఆమె నాలుకకు తెలుసు. అయినా ఏడాదిపాటు చెదిరిన ఒక మనిషి నమ్మకాన్ని స్పానరుతో బిగించలేం కదా. మధ్యాహ్నం శేషన్న ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తెచ్చి పెట్టాడు. ఆమె ముట్టలేదు. అతను కూడా పక్కన కూర్చున్నాడు. ఉగ్గాని చల్లారిపోయింది. జయన్న జేబులో రేకుముక్కను తడుముకుంటూ, ఆడపిల్ల బడి నా చేతనే పోయింది కదమ్మా అన్నాడు.

అప్పుడు వచ్చింది. నెయ్యి, బెల్లం, ఏలకులు, నోటినిండా, చెంపల దాకా. పార్వతమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"వచ్చింది నాయనా. కదిలింది."

పూర్తిగా గంట గడవక ముందే మార్కెట్టు మలుపులో హారన్ వినపడింది. మూపురం ఉన్న పాత కారు, ఎవరూ తొయ్యకుండా, దుమ్ము లేపుకుంటూ వచ్చి షాపు ముందు ఆగింది. ముందు సీట్లో మరియమ్మ ఉంది, కొత్త చీర కట్టుకుని. దిగలేదు, తలుపు మీద చెయ్యి వేసి అట్లాగే కూర్చుంది. వెనక సీట్లో ఒక్కడే మనిషి, తువ్వాల తలకు చుట్టుకుని రోడ్డు అవతలికి చూస్తున్నాడు. ఉచ్చీరప్ప.

జరిగింది మద్దయ్య చెప్పాడు. పాత ఇనుము వ్యాపారిని పొద్దున్నే వెనక్కి పంపేశాడు. మాట ఇచ్చినవాడు ముఖాన చెప్పి రావాలి కదా అని, సుగ్గికి రావడం లేదని మేస్త్రికి చెప్పడానికి లారీ దగ్గరికి నడిచి పోయాడు. అక్కడ లారీ లేవడం లేదు. మూటలు, ముంతలు, పిల్లలు దిగి అందరూ తోస్తున్నారు. తోపుడులో తన కంటే తెలిసినవాడు ఇంకెవడున్నాడని తానూ భుజం పెట్టాడు. మధ్యాహ్నం దాకా ఊరు ఊరంతా తోసినా లారీ దగ్గింది గాని లేవలేదు. చివరికి ఉచ్చీరప్పే వచ్చి, ఆదోని దాకా నీ కారు వస్తాదా మద్దన్నా అని అడిగాడు. తోపుడు మద్దయ్య అనలేదు, మద్దన్నా అన్నాడు.

"బిడ్డ యాడక్కా?" అని పార్వతమ్మ అడిగింది.

"బడికి పోయింది" అంది మరియమ్మ. ఆ ఒక్క మాట అనడానికే అంత దూరం వచ్చినట్టు సీటులో ఇంకొంచెం నిటారుగా కూర్చుంది.

ఉచ్చీరప్ప దిగి వచ్చి, లారీ ఒకసారి చూడాలమ్మా, మనుషులు ఎండలో కూర్చున్నారని మెత్తగా అడిగాడు. శేషన్న గూట్లోంచి చెంబు తీసి పార్వతమ్మకు అందించాడు. ఇంకొక బండి ముట్టుకోవాలంటే ముందు పుక్కిలించాలి. ఆమె చెంబు అందుకుంది, చేతిలో పట్టుకుంది, పెదవుల దాకా తీసుకుపోయి దించేసింది.

"కొంచేపు ఉండప్పా. ఇది దానంతట అది కరిగినంక కడుక్కుంటా."

ఉచ్చీరప్పకు ఏం కరగాలో అర్థం కాలేదు. జయన్న జరిగి స్టూలు మీద అతనికి చోటిచ్చి, కూర్చోమని చెప్పి, జేబులోంచి చిలక రేకు తీసి, తన చెయ్యి చేసిన తప్పు కథ మొదటి నుంచీ అందుకున్నాడు.